ఆయుధ పూజకు కడిగిన షెడ్డు

పోయిన వారం, షోళింగనల్లూరులో మా అమ్మాయి వాళ్లుండే అపార్ట్‌మెంటు వెనక, తోటమాలి పూలమొక్కలకని కోళ్ల ఎరువు బస్తాలు దింపించాడు. ఆ సాయంత్రమే వాన పట్టుకుంది. బస్తాల మీద కప్పిన పట్టా గాలికి లేచిపోయి, పొద్దుటికి అన్నీ నాని ముద్దయ్యాయి. కింద ఆఫీసు క్యాబుల కోసం నిలబడ్డ పిల్లలు ముక్కులు మూసుకుని సెక్యూరిటీ అతన్ని తిడుతున్నారు. నేను ఆరో అంతస్తు బాల్కనీలో కాఫీ తాగుతున్నాను. అక్కడిదాకా వచ్చింది ఆ వాసన. ముందు కళ్లు మండించే ఘాటు, దాని అడుగున కుళ్లిన ఊక కంపు. "నాన్నా, తలుపు వేసెయ్" అని మా అమ్మాయి లోపలినుంచి అరిచింది. వేయలేదు. ఎనభై దాటిన ఈ ముక్కుకు పొయ్యి మీద సాంబారు మాడినా తెలియదు. కోళ్ల కింద పరిచే ఊక పరుపు తడిసిన వాసన మాత్రం అరవై ఏళ్ల కిందట ఎలా ఉండేదో అలాగే తగిలింది. కాఫీ సగంలో వదిలేసి చాలాసేపు అక్కడే కూర్చున్నాను.

మునెమ్మ అనే పేరు మా ఇంట్లో ఎవరికీ తెలియదు. నేనెప్పుడూ చెప్పలేదు. నా ఉద్యోగ జీవితమంతా కోళ్లతో గడిచింది. ప్రభుత్వ శాఖలో చేరి, పైకి వచ్చి, ఎందరికో శిక్షణ ఇచ్చి, దండ వేయించుకుని రిటైరయ్యాను. ఆ దండలో ఒక పువ్వయినా నాది కాదని నాకు తెలుసు. నాకు వచ్చిన పని అంతా ఆమె నేర్పిందే. కానీ ఆమె ఏం నేర్పిందో చెప్పాలంటే నేను ఆమెకు ఏం చేశానో కూడా చెప్పాలి. అందుకే నోరు మూసుకున్నాను. ఇంతకాలం మూసుకోవడం పెద్ద కష్టమేమీ కాలేదు, అదే సిగ్గు.

పందొమ్మిది వందల యాభైల నడిమి మాట. మాధవరం అప్పటికి మద్రాసు ఊరి బయట. తోటలు, చెరకు చేలు, మధ్యమధ్య ఇటుక బట్టీలు. అక్కడ నాయుడుగారని ఒక పెద్దమనిషి కోళ్ల ఫారం పెట్టారు. ఆయన ఇల్లు, వ్యాపారం అంతా పట్నంలోనే. ఏదో ఇంగ్లీషు పత్రికలో విదేశాల కోళ్ల ఫారాల ఫోటోలు చూసి మనసు పడి, నాలుగు పెద్ద షెడ్లు కట్టించి, తెల్ల లెగ్‌హార్న్ కోళ్లు తెప్పించారు. నేను జంతుశాస్త్రంలో డిగ్రీ, ఆపైన ఆరు నెలల కోళ్ల పెంపకం శిక్షణ పూర్తిచేసి ఖాళీగా తిరుగుతున్నాను. మాది టి. నగర్‌లో మూడు గదుల వాటా. తాతల కాలంలో నెల్లూరు నుంచి వచ్చి మద్రాసులో స్థిరపడ్డ కుటుంబం. మేం గుడ్డును చేత్తో ముట్టుకోని వాళ్లం. ఉద్యోగం కోళ్ల ఫారంలో అనగానే అమ్మ నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు. అయిదో రోజు ఒక షరతు పెట్టింది. "ఆడనుంచి వస్తానే పెరట్లో కొళాయి కాడ గుడ్డలు ఇప్పి, తలకు పోసుకోని లోపలికి రా. నీళ్లు పోసుకోకుండా ఏదీ అంటుకోబాకు." ఉద్యోగం చేసినన్నాళ్లూ అలాగే చేశాను. మా ఇంట్లో శుభ్రం అంటే నీళ్లు. నేలకు నీళ్లు, గడపకు నీళ్లు, ఒంటికి నీళ్లు. కడిగితే మైల పోతుంది. ఇందులో అనుమానించడానికి ఏముంటుందనే నేను ఇరవై మూడేళ్లు పెరిగాను.

మొదటి రోజు రెండో షెడ్డు తలుపు తీయబోతుంటే వెనకనుంచి ఒక గొంతు "చెప్పులు ఈడ ఇడవండి సామీ" అంది. తిరిగి చూశాను. యాభై ఏళ్ల మనిషి, నల్లగా, నాకంటే పొడుగ్గా, చీర మోకాళ్లదాకా దోపి, చేతిలో ఇనుప పళ్లున్న పొడుగు కర్రతో నిలబడి ఉంది. మునెమ్మ. ఫారం పెట్టినప్పటినుంచీ కోళ్లన్నీ ఆమె చేతుల మీదే. ఫారం చివర కంచె పక్కన ఆమెకో గుడిసె ఇచ్చారు. మొగుడు పోయాడు, పిల్లలు లేరు. పనీ గుడిసే తప్ప ఇంకేమీ లేని మనిషి. నాకంటే పాతికేళ్లకు పైగా పెద్దది. మొదటి మాటనుంచీ నేను ఆమెను నువ్వు అన్నాను, ఆమె నన్ను మీరు అంది. అది అప్పుడు ఇద్దరికీ తప్పుగా తోచలేదు.

"ఇదేమన్నా గుడా?" అన్నాను, ఆఫీసరు గొంతు పెట్టి.

"గుడికంటే ఎక్కువ సామీ. గుళ్లో సామికి జబ్బు రాదు కదా. కోడికి మీ చెప్పు కిందనే వస్తాది" అని, గడప దగ్గర పళ్లెంలో పోసిన పొడి సున్నం చూపించింది. "దాంట్లో కాళ్లు పెట్టి రండి."

పెట్టాను. లోపలికి అడుగు వేశాను. నేలంతా జానెడు మందాన ఊక, దాని మీద నెలల తరబడి పడిన రెట్ట, రెండూ కలిసిపోయి ముదురు గోధుమరంగులో ఉంది. నా శిక్షణలో దీన్ని డీప్ లిట్టర్ పద్ధతి అని చదివాను, పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. పుస్తకంలో అది వాసన వేయలేదు. జేబురుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని, "ఛీ, ఎన్నాళ్లయింది ఇది తీసి? వారానికోసారి ఎత్తిపోయించు" అన్నాను. మునెమ్మ నన్ను కాసేపు చూసింది. తర్వాత కర్ర గోడకు ఆనించి, నేల మీద మోకాళ్లు పెట్టి వంగి, ఊక మీదకి మొహం తెచ్చి గట్టిగా గాలి పీల్చింది.

"మీరూ రండి."

"నేనా?"

"మీ ముక్కు అయిదడుగుల పైన ఉండాది సామీ. కోడి ముక్కు ఈడ ఉండాది. ఆడ నిలబడి చూస్తే మీకేం తెలస్తాది?"

ఆమె మాటలో వెటకారం లేదు. ఉంటే కోప్పడి బయటికి వచ్చేసేవాణ్ని. మోకాళ్లు వంచాను. తెల్ల పంచె కట్టుకుని వెళ్లాను ఆ రోజు, నా తెలివి అంతది. ఊకకు జానెడు ఎత్తున మొహం పెట్టి పీల్చాను. విచిత్రం, అక్కడ ఘాటు లేదు. అడవిలో రాలిన ఆకుల కింద ఉండే వాసన, అంతే. కంపనుకున్నది సగం నా బుర్రలోనిది. మునెమ్మ ఊక పిడికెడు తీసి నా అరచేతిలో పెట్టి, "పిసకండి" అంది. పిసికాను. వేళ్లు విప్పగానే పొడిపొడిగా రాలిపోయింది. "ఇట్ట రాలాల. ముద్దయితే తడి ఎక్కువైనట్టు. ధూళి లేస్తే మరీ ఎండినట్టు. దీన్ని తీయకూడదు సామీ, తిప్పాల. దోసెల పిండి మాదిరి ఇది కూడా పులిసినాక పని చేస్తాది. అడుగున వెచ్చగా ఉండాదా లేదా? ఆ వేడికి పురుగు చస్తాది, తడి ఆరతాది. ఎత్తేసినారంటే మళ్లా మొదటినుంచి." నేను చెయ్యి పంచెకు తుడుచుకుంటూ, ఇదంతా నీకెవరు చెప్పారని అడిగాను. "ఎవరు చెప్తారు? సుమ్మా, ఊరికే చూస్తా ఉంటే తెలస్తాది" అంది, అదేమంత పెద్ద సంగతన్నట్టు.

అదీ మొదలు. ఆమెను మంచి మనిషి అని రాస్తే ఆమెకే నచ్చదు. నోరు మంచిది కాదు. పొగడ్త అన్న మాట ఆమెకు తెలియదు. పది నెలల్లో ఒక్కసారి కూడా బాగా చేశావని అనలేదు. నేను నీళ్ల మూకుళ్లు గోడ పక్కన పెట్టిస్తే, కోళ్లు ఒకచోటే మూగి అక్కడే తడిచేస్తాయని, నా కళ్ల ముందే వాటిని తీసి షెడ్డు నడుమ ఇటుకల మీద ఎత్తుగా పెట్టింది. మూకుడి చుట్టూ తడిసిన ఊకను మాత్రం రోజూ చేటలోకి ఎత్తి బయట పారబోసి, ఆ మేరకే కొత్త పొడి ఊక వేసేది. పొద్దున్నే కర్రతో ఊకంతా కింద మీద చేసేది. గట్టిపడిన పెళ్లలుంటే చేత్తో చిదిపేది. మబ్బు పట్టిన రోజున పొడి సున్నం పలచగా చల్లి కలిపేది. మిల్లునుంచి బండిలో ఊక వస్తే, బస్తా అడుగుదాకా చెయ్యి దూర్చి చూడకుండా లోపలికి రానిచ్చేది కాదు. ఒకసారి బండి మొత్తం వెనక్కి పంపింది. "లోపల బూజు పట్టిండాది. మా కోడి బిడ్డలకు రొమ్ము పట్టి ఊపిరాడదు. తీసకపో" అని బండివాడితో తగువు పెట్టుకుంది. సంతకం పెట్టాల్సిన వాణ్ని నేను, పక్కన నిలబడి చూస్తున్నాను. వాడు వెళ్లాక నా వంక తిరిగి, "మీరేంది సామీ బొమ్మ మాదిరి నిలబడుకోనుండారు? రేపు నేను లేకపోతే ఎవురు చూస్తారు?" అంది. నాకు ఒళ్లు మండింది. కానీ ఆ తర్వాత ప్రతి బస్తాలోనూ చెయ్యి పెట్టాను.

మెల్లమెల్లగా నాకు పని పట్టుబడింది. తలుపు తీయకముందే, లోపల కోళ్లు ఊకను కాళ్లతో చిమ్ముకుంటున్న చప్పుడు విని పరుపు పొడిగా ఉందో లేదో చెప్పగలిగేవాణ్ని. నాయుడుగారు నెలకోసారి కారులో వచ్చేవారు. ఆయన అడిగితే జవాబు చెప్పేది నేనే. మునెమ్మ చెప్పిన మాటలకే ఇంగ్లీషు తొడిగి చెప్పేవాణ్ని. ఆయన తల ఊపి, "చదువుకున్నవాడివి కాబట్టి పట్టుకున్నావప్పా శేషాచలం" అనేవారు. నేను కాదనేవాణ్ని కాదు. మునెమ్మ పది అడుగుల దూరంలో గంప పట్టుకుని నిలబడి వినేది. ఆమె మొహంలో ఏ మార్పూ ఉండేది కాదు. ఆమెకు తెలుగు వచ్చు కదా, చెవులూ ఉన్నాయి కదా అని నాకు అప్పుడు తట్టలేదు.

సెప్టెంబరు దాటింది. ఆయుధ పూజ వస్తోంది. మద్రాసులో ఆయుధ పూజంటే ఎలా ఉంటుందో తెలిసిందే. పనిముట్టన్న ప్రతిదీ కడిగించుకుని బొట్టు పెట్టించుకుంటుంది. బస్సులకు అరటి మొక్కలు కడతారు, ప్రెస్సులో మిషన్లకు గంధం పూస్తారు, కటిక కొట్టులో కత్తిని కూడా వదలరు. ఆ ఏడు నాయుడుగారు కబురు పంపారు. పూజ ఫారంలోనే చేస్తారట. భార్యను, బంధువులను, పట్నంలో పలుకుబడి ఉన్న ఇద్దరు స్నేహితులను తీసుకువస్తారట. "రెండో షెడ్డులో పెట్టు, అదే పెద్దది. అంతా శుభ్రంగా ఉండాలి" అని చీటీ. నేను ఇంకా ప్రొబేషన్‌లో ఉన్నాను. పండగయ్యాక ఉద్యోగం ఖాయం చేస్తానని అంతకుముందే ఆయన నోటితో అన్నారు. రెండో షెడ్డులో ఎనిమిది వారాల పిల్లలు నాలుగు వందలున్నాయి. వాటి కిందున్నది ఫారంలోకెల్లా బాగా పండిన పరుపు, మునెమ్మ ఏడాదిపాటు తిప్పి తిప్పి కాపాడినది.

పండగ ఇంకా మూడు రోజులుందనగా ఆమెను పిలిచి, రెండో షెడ్డు ఊకంతా ఎత్తించి నేల కడిగించమన్నాను.

ఆమె నేను వేళాకోళం ఆడుతున్నాననుకుంది. కాదని తెలిశాక గొంతు మారింది. "వద్దు సామీ. ఐప్పసి నెల వానలు వస్తా ఉండాయి. ఇప్పుడు కడిగితే నేల ఆరదు. తడి నేల మీద కొత్త ఊక పోస్తే అది పులవదు, కుళ్లతాది. లేత పిల్లలు. నెత్తురు రెట్ట వస్తాది."

"పండగనాడు పెంట మీద దీపం పెడతామా?"

"పూజ బయట పందిట్లో పెట్టుకోండి. లోపల ఎందుకు?"

"నాయుడుగారు లోపలే అన్నారు."

"ఆయనకి తెలీదు. మీకు తెలుసు కదా సామీ! నేను చెప్పినాను కదా!"

నిజంగా నాకు తెలుసు. ఈ ఒక్క వాక్యం రాయడానికే ఇన్నాళ్లు పట్టింది. తెలియక చేసిన తప్పయితే ఏదో ఒకటి చెప్పుకుని బతకవచ్చు. నాకు తెలుసు, నా చేతుల్లో ఆ పొడి ఊక పది నెలలుగా రాలుతోంది. కానీ పట్టుచీరలు కట్టుకున్న ఆడవాళ్లు, మల్లెపూలు, కర్పూరం, వాళ్ల కాళ్ల కింద కోడి పెంట అని తలుచుకోగానే నా ఒళ్లు జలదరించింది. ఆ పది నెలలు ఎటు పోయాయో, మా అమ్మ పెరటి కొళాయే మిగిలింది. పైగా ఒక కూలిమనిషి నాకు పాఠం చెప్పడం. "నువ్వు చెప్పినట్టు నేను వినాలా, నేను చెప్పినట్టు నువ్వు వినాలా? చెప్పు మునెమ్మా" అన్నాను. ఆమె "సెరి" అని మాత్రం అని వెళ్లిపోయింది. తను మాత్రం చెయ్యి వేయలేదు. మాధవరం ఊళ్లోనుంచి ఆ ఒక్క రోజుకూ ఇద్దరు కూలీలను పిలిపించి, నేనే దగ్గరుండి చేయించాను. పిల్లలను గంపల కింద మూసి, ఊకంతా బండ్లకెత్తి, బావి నీళ్లు బిందెలకు బిందెలు కుమ్మరించి, చీపుళ్లతో రుద్దించాను. సిమెంటు నేల తెల్లగా తేలింది. దాన్ని చూసి నాకెంత సంతోషమైందో ఇప్పటికీ గుర్తుంది. మర్నాడు పొద్దున నేల పైకి ఆరినట్టే కనిపిస్తే, కొత్త ఊక రెండంగుళాలు పరిపించాను. పచ్చగా, బంగారంలా ఉంది.

పూజ వైభవంగా జరిగింది. దాణా గంపలు, పారలు, మునెమ్మ కర్ర, అన్నింటికీ గంధం, కుంకుమ. మరమరాలు, బెల్లం, శనగలు పంచారు. గుమ్మడికాయ కొట్టారు. నాయుడుగారి భార్య చెప్పులు విడిచి లోపల తిరిగి, "ఎంత నీట్‌గా ఉందో, మన వంటిల్లు కూడా ఇట్లా ఉండదు" అంది. నాయుడుగారు స్నేహితుల ముందు నా భుజం తట్టి, "ఆస్పత్రి మాదిరి పెట్టినావప్పా" అన్నారు. మునెమ్మ ప్రసాదం తీసుకోవడానికి కూడా లోపలికి రాలేదు. నేనే ఆకులో మరమరాలు తీసుకెళ్లి ఇస్తే, తీసుకుని పక్కన పెట్టింది. కార్లు వెళ్లిపోయిన గంటకు వాన మొదలైంది. ఆ వాన అయిదు రోజులు విడవలేదు.

ఎనిమిదో రోజు పొద్దున మునెమ్మ నా గదికి వచ్చింది. అరచేతిలో పిడికెడు ఊక. దాన్ని నా బల్ల మీద, కాగితాల పక్కన పెట్టింది. ముద్దగా, నల్లగా, మధ్యలో నెత్తురు. "చూసుకోండి" అని వెళ్లిపోయింది. షెడ్డులోకి వెళ్లేసరికి పిల్లలు రెక్కలు వేలాడేసుకుని మూలల్లో ముడుచుకున్నాయి. ఆ సాయంత్రానికి పాతిక పోయాయి, మర్నాడు అరవై. పశువుల డాక్టరు వచ్చి, ఒక పిల్లను కోసి పేగులు చూసి, నీళ్లలో కలపమని సల్ఫా మందు ఇచ్చాడు. బయటికి వచ్చి, "పండిన లిట్టరు తీసేసి తడి నేల మీద కొత్తది పోసింది ఎవరయ్యా? వాన కాలంలో ఇంత తెలివితక్కువ పని చేస్తారా?" అని అడిగాడు. నేను ఆయన సంచీ పట్టుకుని గేటుదాకా నడిచాను. మునెమ్మ మాత్రం ఒక్క క్షణం ఖాళీగా లేదు. షెడ్డులో నాలుగు వైపులా కుంపట్లు పెట్టింది. మొదటి షెడ్డునుంచి పాత పరుపు గంపలతో మోసుకొచ్చి పొడి చోట పోసింది. బాగున్నవాటిని విడదీసింది. చచ్చినవాటిని గోతుల్లో సున్నం వేసి పూడ్చింది. పూడ్చేటప్పుడు మాత్రం ఒకసారి కూర్చుండిపోయి, రెండు చేతులతో నెత్తి పట్టుకుని, "అయ్యో, నా బిడ్డలు" అని ఏడ్చింది. అంత గట్టి మనిషి ఏడవగలదని నేననుకోలేదు. సగానికి పైగా పోయాయి. మిగిలినవి ఆమె వల్లే మిగిలాయి.

నాయుడుగారు వచ్చారు. ఫారం వరండాలో కుర్చీలో కూర్చుని, డాక్టరు రాసిన కాగితం చదివి, మమ్మల్ని ఇద్దరినీ పిలిపించారు. మెల్లగానే అడిగారు. "పండిన లిట్టరు ఎత్తమన్నది ఎవరు? నేను శుభ్రంగా పెట్టమన్నాను, ఎత్తి కడగమని అన్లేదే."

మునెమ్మ వెంటనే చెప్పింది. తల వంచలేదు, దణ్ణం పెట్టలేదు. "ఈ అయ్యే ఎత్తమన్నాడు సామీ. నేను వద్దన్నాను. ఐప్పసి వస్తా ఉండాది, పిల్లలు చస్తాయి అన్నాను. వినలేదు."

ఆయన నా వైపు తిరిగారు. "ఏమప్పా, నిజమేనా?"

ఎంతసేపు తీసుకున్నానో తెలియదు. పెద్దగా తీసుకోలేదనే అనుకుంటాను. "లేదండీ. పైపైన ఊడ్చి కొత్త ఊక చల్లమన్నాను. ఈమె కూలీలను పెట్టి అంతా ఎత్తించేసింది. నేను చూసేసరికి కడగడం అయిపోయింది" అన్నాను. చదువుకున్న గొంతు, ఆయన నమ్మే గొంతు. ఆ కూలీలు ఎవరో, ఏ ఊరి వాళ్లో ఆయనకు తెలియదు, పిలిపించి అడిగే ఓపికా లేదు. ఆయన నన్ను మళ్లీ చూడలేదు. "ఇన్నేళ్లు ఉండావని ఊరుకున్నా మునెమ్మా. పైగా ఆ అబ్బాయి మీద చెప్తావా? కోళ్ల సంగతి నీకేం తెలుసని నీ ఇష్టానికి చేసినావు?" అన్నారు. ఆ చివరి మాటకు ఆమె ఒక అడుగు వెనక్కి వేసింది. తీసేస్తున్నానన్న మాట అంతకు తర్వాత చెప్పారు, గుడిసె రెండు రోజుల్లో ఖాళీ చేయమన్నారు. దానికి ఆమె కదల్లేదు. కోళ్ల సంగతి నీకేం తెలుసన్న మాటే తగిలింది. నేను ఆమె పక్కనే ఉన్నాను కనుక చూశాను.

మర్నాడే వెళ్లిపోయింది. ఒక ట్రంకుపెట్టె, చాప, రెండు గిన్నెలు. గేటు దగ్గర నేను ఉండకూడదనుకున్నాను, ఉన్నాను. తిడుతుందని, శాపం పెడుతుందని ఎదురుచూశాను. అదే మేలనిపించింది. ఆమె పెట్టె దించి, నా మొహం చూడకుండా, షెడ్ల వైపు చూస్తూ చెప్పింది. "మూడో షెడ్డు పడమటి మూల పైకప్పు కారతా ఉండాది. ఆ కింద ఊక రోజూ తీసేయాల. నాలుగో షెడ్డులో కుంటి పెట్ట ఉండాది, దాన్ని మిగతావి పొడస్తాయి, వేరే పెట్టండి." పెట్టె వైపు వంగుతూ, "ఇది మీ కోసం చెప్పడం లేదు. మీతో నాకు మాటల్లేవు" అని పెట్టె నెత్తిన ఎత్తుకుంది. సాయం పట్టబోయాను. చెయ్యి విదిలించింది.

ఉద్యోగం ఖాయమైంది. ఆ పై ఏళ్లలో ఫారం బాగా నడిచింది, ఎందుకు నడవదు, ఆమె చెప్పింది ఒక్కటీ వదలకుండా చేశాను కదా. చుట్టుపక్కల ఫారాలవాళ్లు నా దగ్గరికి వచ్చి అడిగి తెలుసుకునేవారు. మునెమ్మ ఇంకో రెండు ఫారాలకు పనికోసం వెళ్లిందని, నాలుగు వందల కోళ్లను చంపిన మనిషి అని వాళ్లు రానివ్వలేదని ఒక ఊక బండివాడి ద్వారా విన్నాను. పోయింది నాలుగు వందలు కాదు. అది దిద్దడానికయినా నేను నోరు తెరవలేదు. తెరిస్తే మిగతాదీ చెప్పాలి.

నాయుడుగారు గుండెపోటుతో పోయారు. అప్పటికి నేను ఆ ఫారం వదిలి ప్రభుత్వ ఉద్యోగంలో చేరి ఏడాది అయింది. ఆయన కర్మ అయిన మరుసటి ఆదివారమే మునెమ్మను వెతుక్కుంటూ బయలుదేరాను. అడిగి అడిగి, వాషర్‌మెన్‌పేటలో ఒక చిన్న హోటలు వెనక దొరికింది. కొళాయి కింద కూర్చుని ఎంగిలి పళ్లేలు తోముతోంది. చీర అంచు తడిసి కాళ్లకు అంటుకుని ఉంది. వేళ్లు నీళ్లలో నాని తెల్లగా పాలిపోయాయి. తడిని జీవితమంతా దూరం పెట్టిన మనిషి. నన్ను గుర్తుపట్టింది. చేస్తున్న పని ఆపలేదు.

నేను చెప్పాలనుకున్నదంతా చెప్పాను. బస్సులో వస్తూ వరస పెట్టుకున్న మాటలు. తప్పంతా నాదేనని, భయపడి అబద్ధమాడానని, నిద్ర పట్టడం లేదని, క్షమించమని. ఏడ్చాను కూడా. అబద్ధం కాదు, నిజంగానే ఏడుపొచ్చింది. నా ప్రభుత్వ ఫారంలో పని ఇప్పిస్తానన్నాను. ఆమె చేతిలో పళ్లెం కడిగి, బోర్లించి, ఇంకోటి తీసుకుంటూ అడిగింది.

"నాయుడుగారితో చెప్పినారా?"

"ఆయన పోయారు మునెమ్మా. పదిహేను రోజులయింది."

చేతులు ఆగాయి. అప్పుడు నా మొహంలోకి చూసింది. మొదటి రోజు రెండో షెడ్డులో నన్ను చూసినంత నిదానంగా చూసింది.

"ఓహో. అందుకని వచ్చినారా" అంది.

అంతే. అరవలేదు. తర్వాతి పళ్లెం తీసుకుంది. నేను ఇంకా ఏదో అంటున్నాను. ఆమె వినడం మానేసింది. కాసేపటికి హోటలు యజమాని ఎవరని గదమాయిస్తే లేచి వచ్చేశాను. నేను ఆ ఆదివారమే ఎందుకు వచ్చానో నాకంటే ముందు ఆమెకు తెలిసింది. బస్సు ఎక్కాక గానీ నాకు అర్థం కాలేదు. పశ్చాత్తాపమే నన్ను తీసుకువెళ్లిందని నమ్ముతూ వెళ్లాను. ఆ ఏళ్లన్నీ నాయుడుగారు అరగంట దూరంలో బతికి ఉన్నారు. ఒక్క మాట ఆయన చెవిన వేస్తే ఆమె పేరు బాగయ్యేది, గుడిసె తిరిగి వచ్చేది. ఆ ఒక్క మనిషి పోయి, నిజం చెప్పినా నాకేమీ నష్టం లేదని తేలాకే నా కాళ్లు కదిలాయి. మళ్లీ ఆమెను చూడటానికి వెళ్లలేదు. ఎప్పుడు పోయిందో తెలియదు.

నాతో పనిచేసినవాళ్లు ఎవరూ ఇప్పుడు లేరు. అమ్మ లేదు, డాక్టరు లేడు, శిక్షణకు వచ్చినవాళ్లలో పెద్దవాళ్లు కూడా పోయారు. ఆ ఫారం ఉన్నచోట ఇళ్లు లేచాయి. ఇదంతా చదివి నన్ను వరండాలో నిలబెట్టి నిజమేనా అని అడిగే మనిషి భూమ్మీద ఒక్కరూ మిగల్లేదు. అది బాగా చూసుకున్నాకే కలం పట్టాను.